ప్లేస్టేషన్ 2: బాగ్ లింగంపల్లి నుంచి చూసిన మంచిచెడ్డలు

ప్లేస్టేషన్ 2 జపాన్‌కు చెందిన సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేసిన ఇంటి వీడియో గేమ్ యంత్రం. 2000 మార్చి 4న జపాన్‌లో, అక్టోబరు 26న ఉత్తర అమెరికాలో, నవంబరు 24న ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. 2013 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయేనాటికి 15.5 కోట్లకు పైగా అమ్ముడైంది. టీవీకి తగిలించి మాత్రమే ఆడే యంత్రాల్లో దీన్ని మించి అమ్ముడైనది లేదు. ఆడేవాళ్లు దీన్ని పీఎస్ టూ అనే పిలిచారు.

ఈ వ్యాసం ఆ యంత్రాన్ని హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఒక చిన్న ప్రాంతం నుంచి చూస్తుంది. బాగ్ లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్లు నెలజీతగాళ్ల ఇళ్లు. పక్కన అశోక్‌నగర్‌లో గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు, వాటిని నమ్ముకుని జిల్లాల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లు. నారాయణగూడలో కాలేజీలు. చిక్కడపల్లి దాటితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి సినిమా హాళ్లు. ఒకటో తారీఖు చూసుకుని ఖర్చుపెట్టే ఇలాంటి చోట ఒక ఆట యంత్రం నిలబడాలంటే, దాని చిప్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది చివరి ప్రశ్న. ధర ఎంత, సీడీ ఎంత, ఇంట్లో ఉన్న పాత టీవీకి తగులుతుందా, పాడైతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడా అన్నవి ముందు ప్రశ్నలు. పీఎస్ 2ను ఆ వరుసలో తూచినప్పుడే దాని అసలు గొప్పతనమూ, అసలు లోపమూ బయటపడతాయి.

అంతకుముందు

1990ల్లో ఇక్కడి ఇళ్లలో ‘వీడియో గేమ్’ అంటే నింటెండో ఫామికామ్‌కు నకళ్లుగా వచ్చిన 8 బిట్ పెట్టెలే. 1983 నాటి ఆ జపాన్ యంత్రాన్ని ఒకటి రెండు చిప్‌లలోకి కుదించి, మీడియా వంటి బ్రాండ్ల పేరుతో మన దేశంలో అమ్మారు. మారియో, కాంట్రా ఆటల క్యాసెట్లు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేతులు మారుతూ తిరిగేవి. అసలు కంపెనీల యంత్రాలు మాత్రం అందని మాటే. 1995లో షా వాలెస్ సంస్థ ద్వారా సెగా మెగా డ్రైవ్ మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. అప్పట్లో అది చాలామంది ఉద్యోగులకు కొన్ని నెలల జీతం. అసలు యంత్రం, అసలు బ్రాండు మధ్యతరగతి ఇంట్లోకి నిజంగా అడుగుపెట్టింది ప్లేస్టేషన్ల కాలంలోనే.

రెండు దారులు

పీఎస్ 2 ఈ నగరానికి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి దుకాణాల దారి: కోఠి గుజరాతీ గల్లీ, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్, టాంక్‌బండ్ అవతల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్. రెండోది సూట్‌కేసు దారి. 2000 తర్వాత ఈ వీధుల నుంచి అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో. సెలవులకు వచ్చే అన్నయ్యో, బాబాయో చాక్లెట్లు, పెర్‌ఫ్యూములతో పాటు తమ్ముళ్లకు, పిల్లలకు ఒక ప్లేస్టేషన్ కూడా మోసుకొచ్చేవాడు.

ఆ రెండో దారిలో వచ్చిన యంత్రంతో ఇంటికి కష్టాలూ వచ్చేవి. అమెరికా మోడల్ 120 వోల్టుల కరెంటుకు చేసింది. మన గోడ సాకెట్‌లో ఉండేది 230. తెలియక నేరుగా పెడితే లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. అందుకే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఆ గండం గడిచాక టీవీ. మన ప్రసారాలది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. రెండూ చదవగల టీవీ అయితే సరే, పాల్ ఒక్కటే తెలిసిన పాత టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది, లేదా తెర మీద పైకీ కిందికీ దొర్లేది. ఇక డిస్కులు. సోనీ ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక ప్రాంతపు యంత్రంలో మరో ప్రాంతపు ఆట నడవకుండా తాళం వేసింది. ఇక్కడి దుకాణాల్లో అమ్మిన ఆటలు ఐరోపా తరహా పాల్ డిస్కులు. అమెరికా యంత్రం వాటిని ముట్టదు. సినిమాల డీవీడీలకూ ఇదే గొడవ. అమెరికాది 1వ ప్రాంతం, మనది 5వ ప్రాంతం. 2004లో వచ్చిన సన్న మోడల్‌కు అడాప్టర్ బయట ఉండటంతో కరెంటు చిక్కు కొంత తీరింది. డిస్కుల తాళం మాత్రం అలాగే ఉంది. కొనేవాడి సంచారాన్ని, బంధుత్వాలను లెక్కలోకి తీసుకోని ఈ ప్రాంతీయ విభజన పీఎస్ 2లోని పెద్ద తప్పుల్లో ఒకటి. అసలు డిస్కు కొనాలనుకున్న నిజాయతీపరుడికే అది ఎక్కువ అడ్డుపడింది.

వయసుతో పెరిగిన బలం

కొత్తగా వచ్చిన రోజుల్లో పీఎస్ 2 ధర జపాన్‌లో 39,800 యెన్‌లు, అమెరికాలో 299 డాలర్లు. ఆ ధరకు ఒక ఆట యంత్రమూ, ఒక డీవీడీ ప్లేయరూ కలిసి రావడం అప్పట్లో పెద్ద ఆకర్షణ. జపాన్‌లో చాలా ఇళ్లకు అదే తొలి డీవీడీ ప్లేయర్ అయింది. దానికి తోడు పాత ప్లేస్టేషన్ ఆటల్లో దాదాపు అన్నీ ఇందులో నడిచేవి. పాత యంత్రపు ప్రాసెసర్‌నే కొత్త దాంట్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనులకు పెట్టి, పాత డిస్కు వేసినప్పుడు దానికే పని అప్పగించారు. ఇంట్లో ఉన్న సీడీలు పారేయక్కర్లేదంటే, లెక్క చూసుకునే ఇంటికి అది చిన్న సంగతి కాదు.

అయితే మన దేశంలో పీఎస్ 2 అసలు కాలం దాని వారసుడు వచ్చాకే మొదలైంది. 2006 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360 ఇక్కడికి వచ్చినప్పుడు చౌక మోడలే 19,990 రూపాయలు. 2007 ఏప్రిల్‌లో పీఎస్ 3 వచ్చినప్పుడు ధర 39,990. పైగా వాటి అందమంతా కనపడాలంటే కొత్త ఫ్లాట్ టీవీ కావాలి. పీఎస్ 2కి అవేవీ అక్కర్లేదు. పసుపు, తెలుపు, ఎరుపు తీగలు మూడూ డబ్బా టీవీ వెనకో ముందో గుచ్చితే చాలు. 2.8 సెంటీమీటర్ల మందం, ఒక కిలో లోపు బరువు ఉన్న సన్న మోడల్‌ను సంచిలో వేసుకుని స్నేహితుడి గదికి తీసుకెళ్లిపోవచ్చు. ధర ఏటికేడు తగ్గుతూ పోయింది. అమెరికాలో 2009 ఏప్రిల్ నాటికి 99 డాలర్లకు దిగింది. పాతబడే కొద్దీ తనను కొనగలిగే మనుషులు పెరిగారు. దీని మిగతా సుగుణాలన్నీ ఈ ఒక్కదాని తర్వాతే.

రెండోది ఆటల రాశి. అన్ని దేశాలవీ కలిపితే 3,800కు పైగా ఆటలు వచ్చాయి. వాటిలో ఇక్కడి కుర్రాళ్లు గుండెకు హత్తుకున్నవి కొన్నే. 2003 నాటి డబ్ల్యూడబ్ల్యూఈ స్మాక్‌డౌన్ హియర్ కమ్స్ ద పెయిన్, 2004 నాటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో శాన్ ఆండ్రియాస్, 2005లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్, టెక్కెన్ 5, ఏటా వచ్చే ఫీఫా. గాడ్ ఆఫ్ వార్ రెండో భాగం పీఎస్ 3 అమ్మకాలు మొదలయ్యాక, 2007 మార్చిలో పీఎస్ 2 కోసం వచ్చింది. వయసు మీరిన యంత్రానికి తయారీదారులు అంత మంచి ఆట ఇచ్చిన సందర్భాలు తక్కువ.

వీటన్నిటికీ పైన క్రికెట్. ఈఏ స్పోర్ట్స్ వారి క్రికెట్ 07, కోడ్‌మాస్టర్స్ వారి బ్రియాన్ లారా ఇంటర్నేషనల్ క్రికెట్ ఈ యంత్రానికి వచ్చాయి. లారా ఆట 2007 భాగాన్ని మన దేశంలో యువరాజ్ సింగ్ పేరుతో అమ్మారు. మంచి క్రికెట్ ఆటలే, కానీ పరాయి పెరట్లో పెరిగినవి. క్రికెట్ 07లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లకే అసలు పేర్ల హక్కులున్నాయి. వి.వి.ఎస్. లక్ష్మణ్ పుట్టిన ఊళ్లో పిల్లలు లక్ష్మణ్ అసలు పేరు లేని భారత జట్టుతో ఆడుకున్నారు.

చేతిలో పట్టుకునే డ్యూయల్‌షాక్ 2ను ఇక్కడ కొందరు జాయ్‌స్టిక్ అన్నారు, కొందరు రిమోట్ అన్నారు. అది సోనీ చేసిన అత్యుత్తమ వస్తువుల్లో ఒకటి. బొటనవేళ్లకు రెండు పుల్లలు, నొక్కిన బలాన్ని బట్టి స్పందించే బటన్లు, దెబ్బ తగిలితే అదిరే రెండు మోటార్లు. గేమ్ పార్లర్లలో ఎంతోమంది చేతుల్లో నలిగినా చాలాకాలం నిలబడింది.

లోపలి నిర్మాణం

పీఎస్ 2 మెదడు పేరు ఎమోషన్ ఇంజిన్. సోనీ, తోషిబా కలిసి చేసిన ఈ ప్రాసెసర్ వేగం సుమారు 295 మెగాహెర్ట్‌జ్. దానికి 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తి ఉంది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ సింథసైజర్ అనే చిప్‌కు తన లోపలే 4 మెగాబైట్లు ఉన్నాయి. ఆ 4 మెగాబైట్లను చిప్‌లోనే పొదగడం వల్ల అది సెకనుకు 48 గిగాబైట్ల వేగంతో చదవగలదు, రాయగలదు. పొగ, నిప్పురవ్వలు, వానజల్లు వంటి పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి వేయడంలో దీనికి సాటి వచ్చిన సమకాలీన యంత్రం లేదు.

కానీ 4 మెగాబైట్లు 4 మెగాబైట్లే. గోడకు రంగు, గుడ్డకు నేత ఇచ్చే టెక్స్‌చర్ చిత్రాలు అందులో పట్టవు. ప్రతి క్షణం ప్రధాన జ్ఞాపకం నుంచి తెచ్చి, వాడి, చెరిపి, మళ్లీ తేవాలి. ఆ చిత్రాలను గట్టిగా కుదించి దాచే సదుపాయం పోటీ యంత్రాలకు ఉంది, దీనికి లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్‌కు 64 మెగాబైట్ల జ్ఞాపకం, 733 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్, లోపలే హార్డ్‌డిస్కు. పీఎస్ 2లో లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్ల చేత పని చేయించాలంటే ప్రోగ్రామర్ యంత్రభాషకు దగ్గరగా దిగి రాయాలి. తొలి ఏడాది ఆటల్లో గీతల అంచులు మెట్లు మెట్లుగా కనిపించడానికి ఈ యంత్రాన్ని ఎవరూ ఇంకా సరిగా నేర్చుకోకపోవడం ఒక కారణం.

అనుభవం వచ్చాక అదే యంత్రం చేత అద్భుతాలు చేయించారు. శాన్ ఆండ్రియాస్‌లోని మూడు నగరాలు, వాటి మధ్య పల్లెలు, ఎడారి 32 మెగాబైట్లలో పట్టవు కాబట్టి, ఆటగాడు కదిలే కొద్దీ ముందున్న వీధిని డిస్కు నుంచి తెచ్చి, వెనకున్న వీధిని వదిలేస్తూ నడిపారు. దూరాన కనిపించే మసక ఆ సర్దుబాటుకు పరదా. 2005 నాటి షాడో ఆఫ్ ద కొలోసస్‌లో మహాకాయులు కదిలినప్పుడు తెర తడబడుతుంది. అయినా ఆ ఆట చేసినవాళ్ల సాహసానికి దండం పెట్టాలి.

మన ఇళ్లలో కనిపించిన లోపాలు

విదేశీ సమీక్షల్లో ఎక్కువగా కనపడని ఒక లోపం ఇక్కడ మొదటి రోజే తెలిసేది. పీఎస్ 2 సినిమా డీవీడీలు ఆడుతుంది కానీ వీడియో సీడీలు ఆడదు. మన ఇళ్లలో అప్పటికి సినిమా అంటే వీసీడీ. 2006 తర్వాత మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మడం మొదలుపెట్టాక కూడా వీసీడీల దొంతరలు ఇళ్లలో ఉన్నాయి. వాటి కోసం వేరే ప్లేయర్ ఉంచుకోవాల్సిందే. ఆసియా మార్కెట్ కోసం తన మొదటి ప్లేస్టేషన్‌లో వీసీడీ ఆడే తెల్లని మోడల్ ఒకటి ఇదే సోనీ చేసింది. అంటే మన అవసరం దానికి తెలియనిది కాదు.

ఆటను దాచుకోవడానికి 8 మెగాబైట్ల మెమరీ కార్డు విడిగా కొనాలి. కార్డు లేకపోతే స్విచ్ ఆపగానే చేసినదంతా పోతుంది. కార్డు ఉన్నా, చాలా ఆటల్లో నిర్ణీత స్థలానికి చేరితేనే దాచుకోవడం కుదిరేది. వేసవిలో కరెంటు కోతలున్న ఊరికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. గంటసేపు పోరాడి చివరి శత్రువు ముందు నిలబడ్డప్పుడు ఫ్యాను ఆగిపోయేది.

రిమోట్లకు ఉన్నవి రెండే రంధ్రాలు. సెగా డ్రీమ్‌కాస్ట్, నింటెండో గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్ మూడిటికీ నాలుగేసి ఉన్నాయి. నలుగురు ఆడాలంటే మల్టీట్యాప్ అనే పరికరం కొనాలి. లావు మోడల్‌కు కొన్నది సన్న మోడల్‌కు సరిపోదు. ఒక గదిలో నలుగురైదుగురు ఉండే అశోక్‌నగర్‌లో దీనికి సొంత పరిష్కారం ఉండేది. ఓడినవాడు లేచి రిమోట్ ఇచ్చేయాలి.

ఐరోపా తరహా పాల్ ఆటల్లో చాలావాటిని సెకనుకు 60 బొమ్మల నుంచి 50కి తేలిగ్గా దించేశారు. సరిగా మార్చని ఆటలు ఆరో వంతు నెమ్మదిగా నడిచేవి, పైనా కిందా నల్లపట్టీలు కూడా. మెనూలో ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, ఇటాలియన్, డచ్, పోర్చుగీస్ ఉన్నాయి. ఒక్క భారతీయ భాషా లేదు. ఇంటర్నెట్ ఆట సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పేయొచ్చు: నెట్‌వర్క్ రంధ్రం సన్న మోడల్‌లోనే స్థిరంగా వచ్చింది, హార్డ్‌డిస్కు పెట్టే చోటు అదే మోడల్‌లో పోయింది. అప్పటి మన ఇళ్ల కనెక్షన్లతో ఆ రంధ్రం చాలామందికి ఉపయోగపడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ఏడిపించింది లెన్స్. డిస్కు చదవలేకపోతున్నానని తెర మీద వచ్చే సందేశం పీఎస్ 2 యజమానులకు ప్రపంచమంతటా తెలుసు. లేజర్ బలహీనపడటం, అది జారే పట్టాలు ఎండిపోవడం, దుమ్ము, అన్నీ కారణాలే. అమెరికాలో ఇది కోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ మాత్రం అది రిపేరు కుర్రాళ్లకు బతుకుతెరువైంది. మూత విప్పి, లెన్స్ తుడిచి, గ్రీజు పెట్టి, అవసరమైతే కొత్త లెన్స్ బిగించి ఇచ్చేవాళ్లు. విప్పడానికి, బాగుచేయడానికి లొంగే యంత్రం కావడం కూడా దీని బలాల్లోకే వస్తుంది.

చిప్ వేయించిన యంత్రం

ఇక్కడ అమ్ముడైన యంత్రాల గురించి మాట్లాడుతూ నకలు డిస్కుల గురించి మాట్లాడకపోతే చరిత్ర సగమే అవుతుంది. అసలు డిస్కులో మామూలు రైటర్ రాయలేని గుర్తు ఒకటి ఉంటుంది. యంత్రం ముందు ఆ గుర్తును వెతుకుతుంది. లేకపోతే ఆట మొదలుపెట్టదు. మాడ్‌చిప్ అనే చిన్న ముక్కను బోర్డుకు సన్నని తీగలతో అతికిస్తే ఆ పరీక్షను దాటేయొచ్చు. ‘చిప్ వేయించడం’ అంటే ఇదే. చిప్ వేసిన యంత్రం నకలు డిస్కులతో పాటు పరదేశపు డిస్కులనూ ఆడుతుంది. సూట్‌కేసులో వచ్చిన అమెరికా యంత్రానికి ఉన్న ప్రాంతీయ తాళం కూడా ఇలాగే తెరుచుకుంది.

నకలు డిస్కు చట్టవిరుద్ధం, తయారీదారుకు నష్టం. ఇందులో రెండో మాట లేదు. కానీ మధ్యతరగతి పిల్లవాడు ఎందుకు అటు వెళ్లాడో కూడా చెప్పాలి. అసలు డిస్కు ధరకు, నకలు డిస్కు ధరకు మధ్య అంతరం అంత పెద్దది. యంత్రం చౌక అయినంత వేగంగా ఆటలు చౌక కాలేదు. గంటకు ఇంతని పార్లర్లో ఆడేవాడికి డిస్కు అసలుదా కాదా అన్న ఆలోచనే ఉండేది కాదు. అలా ఈ నగరంలో పీఎస్ 2 ఆడటం తెలిసిన ఒక తరం తయారైంది, ఆటకు డబ్బిచ్చి కొనే అలవాటు మాత్రం తయారుకాలేదు. ఆ లోటు ఎవరి మీద పడిందో చూస్తే బాధ కలుగుతుంది. అది జపాన్ మీద కన్నా హైదరాబాద్ మీదే ఎక్కువ పడింది.

హైదరాబాద్‌లో తయారైన ఆటలు

2009లో హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట పీఎస్ 2కు వచ్చింది. చేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా దానికి పేరు వచ్చింది. బాల హనుమంతుడు గద పట్టుకుని రాక్షసులతో పోరాడే ఆట. అమెరికాలో హిందూ ప్రతినిధిగా మాట్లాడే రాజన్ జెడ్, దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడం తగదని, ఆటను వెనక్కి తీసుకోవాలని కోరారు. సమీక్షకులు వేరే కారణాలకు పెదవి విరిచారు: కదలికలు బిరుసు, కెమెరా మాట వినదు.

ఆ విమర్శ సరైనదే. కానీ పక్కన పెట్టి చూడాల్సిన మరో విషయం ఉంది. గాడ్ ఆఫ్ వార్ చేసినవాళ్లు ఈ యంత్రంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి అక్కడికి చేరారు. వెక్టర్ యూనిట్లను లొంగదీసుకోవడం మొదటి ప్రయత్నంలో ఎవరికీ రాలేదు, జపాన్ వాళ్లకూ రాలేదు. హైదరాబాద్ జట్టుకు ఆ మొదటి ప్రయత్నం యంత్రం పుట్టిన తొమ్మిదేళ్లకు దక్కింది. పోలిక మాత్రం చివరి మెట్టు మీద ఉన్నవాళ్లతో పెట్టారు.

అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ చేసిన దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా వచ్చింది. ఈ యంత్రానికి వచ్చిన భారతీయ ఆటల్లో ఆలోచన పరంగా అన్నిటికన్నా మంచిది ఇదే. కబడ్డీ, చిర్రగోనె, పతంగులు, ఏడుపెంకులాట, గోలీలు: వీధి ఆటలనే తీసుకుంది. సంక్రాంతికి బాగ్ లింగంపల్లి డాబాల మీద మాంజా పట్టుకున్న పిల్లవాడికి పతంగి కోత అంటే ఏమిటో ఏ సూచనల పుస్తకమూ నేర్పనక్కర్లేదు. పల్లెను, పేటను తెరమీదికి తెచ్చే పనిని పెద్ద కంపెనీలు ఎప్పుడూ పట్టించుకోలేదు. పాతబడి, చౌకబడి, ఎందరి ఇళ్లలోనో ఉన్న యంత్రం కాబట్టే ఆ పనికి పీఎస్ 2 వేదిక అయింది. పీఎస్ 3కి ఆట చేయడానికి అయ్యే ఖర్చులో ఇలాంటి ప్రయోగానికి చోటు ఉండేది కాదు.

తర్వాత సినిమా ఆటలు వచ్చాయి. ముంబయికి చెందిన ట్రైన్ గేమ్స్ 2011లో రా.వన్ చేసింది. గేమ్‌శాస్త్ర చేసిన డాన్ 2 2013లో వచ్చింది. అప్పటికి ఉత్పత్తి ఆగిపోయింది. ప్రపంచంలో పీఎస్ 2కు వచ్చిన ఆఖరి ఆటల్లో ఒకటైన ప్రో ఎవల్యూషన్ సాకర్ 2014 అదే ఏడాది నవంబరులో వెలువడింది. అంటే ఈ యంత్రపు చివరి ఏడాది జాబితాలో హైదరాబాద్ పేరు ఉంది. ఆ ఏడాదికల్లా ఇక్కడి కుర్రాళ్ల చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. చిన్న స్టూడియోలూ అటే నడిచాయి. కన్సోల్ ఆట చేయడం నేర్చుకుంటున్న నగరానికి నాలుగైదేళ్లకు మించి సమయం దొరకలేదు.

ఇప్పటి స్థితి

జపాన్‌లో సోనీ 2018లో పీఎస్ 2 మరమ్మతులు ఆపేసింది. పనిచేస్తున్న యంత్రాలకు లెన్స్ పెద్ద భయం. లోపలి గడియారం బ్యాటరీ మార్చుకోవడం తేలిక. కొత్త టీవీల్లో పాత తీగల రంధ్రాలు చాలావరకు పోయాయి. కాంపొనెంట్ తీగతోనో, హెచ్‌డీఎంఐకి మార్చే పరికరంతోనో తగిలించాలి. డబ్బా టీవీలో మృదువుగా కనిపించిన బొమ్మ పెద్ద ఫ్లాట్ తెర మీద చెదిరినట్లు కనపడటం యంత్రపు తప్పు కాదు. అది గీసిన బొమ్మ ఆ తెర కోసం కాదు.

కంప్యూటర్ మీద పీసీఎస్ఎక్స్2 అనే ఉచిత ఎమ్యులేటర్ ఈ ఆటల్లో అత్యధికం నడపగలదు, అసలు యంత్రం కన్నా స్పష్టంగా చూపగలదు. దానికి పీఎస్ 2 బయోస్, అంటే యంత్రం లోపలి మూల సాఫ్ట్‌వేర్, కావాలి. దాన్ని సొంత యంత్రం నుంచే తీసుకోవడం సరైన పద్ధతి. ఆట డిస్కును కంప్యూటర్లోని మామూలు డీవీడీ డ్రైవ్ కూడా చదువుతుంది. కాబట్టి హనుమాన్, దేశీ అడ్డా అసలు డిస్కులు ఎవరి అలమారలోనైనా గీతలు పడకుండా మిగిలి ఉంటే, లెన్స్ పోయిన యంత్రం కోసం ఆగకుండా ఇవాళే వాటి ప్రతిని కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచుకోవచ్చు.